కైలాసద్వారపు కాలిబాట

శ్రీశైల మల్లికార్జునుని సేవించినవారు మనలో అనేకులు కలరు. ఆ గిరిని తమ పాదాలతో ఎక్కినవారు మాత్రం బహు కొద్దిమంది. దోర్నాల ఘాట్ మార్గమున బస్సులో సుఖంగా పోయివచ్చే వారిలో చాలామందికి, నల్లమలలో ఒక పాత కాలిబాట ఇప్పటికీ ఉన్నదన్న సంగతే తెలియదు.

ఆత్మకూరు ప్రాంతమందలి వెంకటాపురం వద్ద ఆ బాట అడవిలో ప్రవేశిస్తుంది. నాగలూటి వీరభద్రాలయం, చెంచులు నివసించే పెద్దచెరువు, ఆపైన భీముని కొలను. శివరాత్రికి, ఉగాదికి తప్ప ఇక్కడ జనసందడి ఉండదు. ఇది పులులు సంచరించే అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు.

నడిచి వెళ్తేనే స్వామి అనుగ్రహిస్తాడా అని కొందరు అడుగుతుంటారు. అట్లని మేము చెప్పము. మోకాళ్లు సహకరించని వృద్ధులు, గుండెజబ్బు గలవారు బస్సులోనే రావాలి. వారి ఫలానికి లోటు రాదు. అయితే నడకవల్ల మనస్సుకు కలిగేది వేరు. కొండ ఎక్కి, ఇక వచ్చేశామని అనుకొంటున్న సమయాన బాట భీముని కొలను లోయలోకి దిగిపోతుంది. ఎక్కిన ఎత్తంతా పోగొట్టుకొని, మళ్లీ అడుగునుండి కైలాసద్వారానికి నిట్టనిలువు మెట్లెక్కాలి. ఇక్కడనే చాలామందికి విసుగు పుడుతుంది. సాధన చేసేవారికి ఈ విసుగు పరిచితమే. అంతవరకు లోకవ్యవహారాలు మాట్లాడినవారు ఈ మెట్లపై మౌనం వహిస్తారు; ఊపిరికి సరిపడినంత నామమే మిగులుతుంది.

రెడ్డిరాజైన ప్రోలయ వేమారెడ్డి (1325–1353) శ్రీశైల, అహోబిల క్షేత్రాలలో సోపానాలు కట్టించినట్లు చరిత్ర చెబుతున్నది. రాజు రాళ్లు పరపించగలడు గాని, ఎక్కవలసినది ఎవరికి వారే గదా!

ఉగాదికి వచ్చే కన్నడ భక్తులను చూడండి. భ్రమరాంబాదేవి వారికి తమ యింటి ఆడపడుచు. చీర, పసుపు, కుంకుమ మూటగట్టుకొని రోజుల తరబడి నడుస్తారు. ఆడపడుచుకు సారె తీసుకొనిపోయేవాడు దారి దూరమని వెనుదిరుగునా? చెంచులకైతే మల్లయ్య సాక్షాత్తు అల్లుడే. అల్లుని యింటి వాకిట ప్లాస్టిక్ సంచులు పారవేసి, పాపం పోయినదని తలచే యాత్రికుని లెక్క మాత్రం మాకు అర్థం కాదు.

కైలాసద్వారం చేరిన పిదప హాటకేశ్వరం దగ్గరే. చీకటి పడకముందే అక్కడికి చేరేటట్లు, పెద్దచెరువునుండి తెల్లవారుజామునే, నలుగురైదుగురు కలిసి బయలుదేరుట మంచిది.