చూడొచ్చు, దించుకోరాదు

మొన్న గ్రూపులో ఛందస్సు నోట్సు లింకు వచ్చింది. తెరిస్తే పేజీలు కనిపిస్తున్నాయి గానీ డౌన్‌లోడ్ గుర్తు లేదు, ప్రింట్ లేదు, కాపీ చేద్దామంటే అక్షరం కదలదు. అరగంటలో ఎవరో 34 స్క్రీన్‌షాట్లు తీసి అదే గ్రూపులో పోసేశారు. వరుస తప్పింది. వాట్సాప్ ఫొటోలను కుదించి పంపుతుంది కదా, గురులఘువుల గుర్తులన్నీ అలుక్కుపోయినయి.

టెస్టు ముందురోజు మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాయనతో పాటు రాత్రి షిఫ్టుకు పోయింది. నా దగ్గర మిగిలింది స్నేహితురాలు ప్రింట్ తీయించిన ఆ మసక కాగితాలే. ఉత్పలమాలకు యతి 10వ అక్షరం. కాగితంలో నాకు 16 అని కనబడ్డది, అదే రాసొచ్చాను.

అసలు ఈ తాళం ఎట్లా పనిచేస్తదో తర్వాత తెలుసుకున్నాను. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పంచుకునేటప్పుడు సెట్టింగుల్లో ఒక టిక్కు ఉంటుంది. అది తీసేస్తే చూసేవాళ్లకు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ బటన్లు కనిపించవు. అంతే. పేజీ తెర మీద కనిపించిందంటే దాని బొమ్మ అప్పటికే మన ఫోన్‌లోకి వచ్చినట్టే, రాకుండా కనిపించదు. కాబట్టి ఇది తాళం కాదు, "ముట్టుకోవద్దు" అని అంటించిన చీటీ. వేరే దారిలో పంచుకోకుండా ఆపలేమని గూగుల్ వాళ్లే చెప్తారు. షోలాపూర్‌లో పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. జకార్డ్ డిజైన్ అట్టలు కార్ఖానాలో ఎంత దాచినా, చద్దర్ బజారుకు వచ్చినంక పని తెలిసినవాడు పోగులు లెక్కపెట్టి మళ్లీ గీసుకుంటడు.

మరి టీచర్లు ఎందుకు పెడతారు? మా మేడమ్‌ను అడిగాను. నోట్సు మీద పేరు తీసేసి ఎవరైనా గైడులా అమ్ముకుంటారేమోనని ఒక భయం. తప్పు దిద్దినా పాత కాపీలే ఏళ్ల తరబడి తిరుగుతాయని ఇంకొకటి. ఈ రెండోది న్యాయమైన మాటే, లింకులో దిద్దితే అందరికీ ఒకేసారి దిద్దినట్టు. మూడోది పుస్తకాల హక్కులు.

హక్కుల సంగతికి ఒక కేసు ఉంది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీ మీద, అక్కడి రామేశ్వరి ఫొటోకాపీ అనే చిన్న జిరాక్స్ షాపు మీద కోర్టుకు పోయాయి. సిలబస్‌లోని అధ్యాయాలు జిరాక్స్ తీసి కట్టలుగా అమ్ముతున్నారని ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ నకలు తీసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కూడా ఆ మాటే అంది, కాకపోతే బోధనకు అవసరమైనంత వరకే అని హద్దు పెట్టింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు. దీనర్థం పుస్తకం మొత్తం నెట్‌లో లోకానికంతా పెట్టొచ్చని కాదు. ఇక మేడమ్ సొంతంగా రాసిన నోట్సుకు ఈ చిక్కే లేదు.

తాళం అడ్డం పడేది ఎవరికంటే, సొంత ఫోన్, వైఫై ఉన్నవాళ్లకు కాదు. సాఖర్ పేట నుంచి అక్కల్‌కోట్ రోడ్డు దాకా ఎన్ని ఇళ్లల్లో ఫోన్ ఒక్కటే? అమ్మ పక్కన కూర్చొని బీడీలు చుడుతూ చదవాలంటే కాగితం కావాలి. పైగా లింకు తెరిచిన ప్రతిసారీ డేటా తింటది. ఒకసారి దించుకుంటే మళ్లీ తినదు.

2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల పాఠాలు ఉచితంగా నెట్‌లో పెడతామని ప్రకటించింది. అక్కడ దించుకోండి అనే చెప్తారు. షరతులు కొన్నే: మా పేరు ఉంచండి, వ్యాపారం చెయ్యొద్దు, మార్చి పంచితే ఇవే షరతులతో పంచండి. అమ్ముకునేవాడు ఇవి చూసి ఆగుతాడా అంటే, ఆగడేమో. తాళానికీ ఆగలేదు కదా.

ఇదంతా మేడమ్‌కు చెప్పాను. ఇప్పుడు ఛందస్సు నోట్సుకు డౌన్‌లోడ్ తెరిచారు, ప్రతి పేజీ కింద పేరు, దిద్దిన తేదీ ఉన్నాయి. స్కాన్ చేసిన పుస్తకం మాత్రం చూడటానికే. పాత స్క్రీన్‌షాట్లు మీ ఫోన్లలో ఇంకా ఉంటే తీసెయ్యండి. యతి 10వ అక్షరమే.