కోతకాలపు చిరుజల్లు

మన కృష్ణా డెల్టాలో హిమము కురియదు. కాని చలిదేశముల వాతావరణ శాస్త్రజ్ఞులను పెనుమంచు తుపానుకన్న పలుచని హిమపాతమే యెక్కువగా తికమకపెట్టునట్లు, మన శాస్త్రజ్ఞులను వాయుగుండముకన్న మార్గశిరమాసపు చిరుజల్లే యెక్కువగా పరీక్షించుచున్నది. ఈ భేదమును మన భూస్వాములు గుర్తించుట యవసరమని మా యభిప్రాయము.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలకొలది జనులు అసువులు బాసిరి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు మచిలీపట్నముల నడుమ తీరము దాటునని శాస్త్రజ్ఞులు ముందుగనే ప్రకటించిరి. 5వ తేదీని అది బాపట్ల చెంత తీరము దాటెను. తీరవాసులను ముందే తరలించుటచే అనేకుల ప్రాణములు దక్కెను. కోసిన పనలు మాత్రము నీటిపాలయ్యెను. పెనుగాలిని ముందుగా కనిపెట్టుటలో మనము సాధించిన యభివృద్ధి యింతటిది.

మరి చిరుజల్లు మాట యేమి? వాతావరణమును గళ్లుగా విభజించి, ప్రతి గడియందలి గాలి, వేడిమి, తేమ, పీడనములను గణనయంత్రములచే లెక్కగట్టుట నేటి పద్ధతి. 2025 మే నెలలో మన దేశము ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్టింగ్ సిస్టమ్‌లో ఒక్కొక్క గడి 6 కిలోమీటర్లు. అంతకు ముందు 12. తుపాను వందల కిలోమీటర్లు వ్యాపించును గనుక యంత్రమునకు స్పష్టముగా గోచరించును. పలుచని మబ్బు ఒక యూర కురిసి ప్రక్క యూర మానును. అది గడి సందున జారిపోవును. అదిగాక 2.5 మొదలు 15.5 మిల్లీమీటర్ల వరకు గల వాన యంతయు ‘తేలికపాటి వర్షమే’. పేరొక్కటియే, ఆరవేసిన పనలపై ఫలితము ఒక్కటి కాదు.

అందుచే శాస్త్రజ్ఞులు ఆరంభపు అంకెలను కొంచెము కొంచెము మార్చి లెక్కను పలుమారులు కట్టుదురు. ఇరువది లెక్కలలో ఆరింట వాన కనబడినచో, వానకు నూటికి 30 పాళ్ల యవకాశమందురు. మరునాడు ఎండ కాసినంతమాత్రమున ఆ మాట అబద్ధము కాదు. వానవచ్చునా రాదా యని నిలదీయుటకన్న, వచ్చినచో మన నష్టమెంత యని లెక్కించుటయే వివేకము. బరకము ఖరీదు స్వల్పము. తడిసిన ధాన్యము రంగు మారును, మొలకెత్తును. ప్రభుత్వ కొనుగోలునకు తేమ హద్దు నూటికి 17 పాళ్లే గదా! అట్టియెడ 30 పాళ్ల సూచనయే కోత నాపుటకు, కోసినదానిని కుప్పవేయుటకు చాలును.

అయితే ఈ లెక్క యెవరిది? విజయవాడలో మేడపై గూర్చుండి సూచనను జూచు భూస్వామిదా, పొలమున నిలిచిన కౌలురైతుదా? వాన కురిసినను కురియకున్నను ముందు నిశ్చయించుకొన్న కౌలుబస్తాలు సాధారణముగా తగ్గవు. నష్టమంతయు కౌలురైతుదే. కావున నవంబరు రాకముందే బరకములు సమకూర్చి, సూచన వెలువడినంతనే ఆతనికి తెలియజేసి, తడిసిన యేట కౌలులో తగుపాటి తగ్గింపు నిచ్చుట భూస్వాముల ధర్మము. యంత్రము అవకాశమును జెప్పగలదు. ఆ యవకాశపు భారమును న్యాయముగా పంచుకొనవలసినవారము మనమే.