మరమ్మతుకై విదేశములకు పంపు యంత్రభాగములు – ధ్రువపత్రములు

విదేశమునుండి తెప్పించిన వరికోత యంత్రపు హైడ్రాలిక్ పంపు చెడిపోయి, ఇచ్చట బాగుపడనిచో దానిని తయారైన దేశమునకే పంపవలసి వచ్చును. రైతులుగాని, సహకార సంఘములుగాని సరియైన కాగితములు లేక పంపినచో, తిరిగి వచ్చిన పంపునకు కొత్త సరుకువలె పూర్తి విలువపై సుంకము పడవచ్చును.

మొదటిది బ్యాంకు ధ్రువపత్రము. 2015 నాటి విదేశ మారకపు నిబంధనల ప్రకారము, అధికారము పొందిన బ్యాంకు ఈ వస్తువు మరమ్మతుకై పోయి తిరిగి వచ్చుననియు, ఈ ఎగుమతిలో విదేశ ద్రవ్యపు లావాదేవీ లేదనియు వ్రాసి యీయవలెను. నిబంధనలు మారుచుండును గనుక పంపుటకు ముందే బ్యాంకులో విచారించవలెను.

రెండవది గుర్తింపు. పంపుపైనున్న సీరియల్ నంబరును షిప్పింగు బిల్లులో వ్రాయించి, మొదటి దిగుమతినాటి బిల్ ఆఫ్ ఎంట్రీని భద్రపరుపవలెను. తిరిగి వచ్చినది ఆ వస్తువే యని కస్టమ్స్ అధికారికి నమ్మకము కలుగవలెను.

అట్లయినచో 2017 జూన్ 30 నాటి 45వ నంబరు కస్టమ్స్ ప్రకటన ప్రకారము మరమ్మతు ఖర్చు, భీమా, రానుపోను కిరాయిలపై మాత్రమే సుంకము లెక్కింతురు. ఉచితముగా బాగుచేసినను న్యాయమైన ఖర్చును కట్టుదురు. వస్తువు 3 సంవత్సరములలోగా తిరిగి రావలెను, యజమాని మారరాదు.

పంపు కదలకముందే కాగితము చేతికి రావలెను.