పీకించాల్సింది పన్ను కాదు!

పళ్లు తోముకోవాలంటే భయం. ముఖం కడుక్కోవాలంటే భయం. చలిగాలి తగిలినా, ముద్ద నమిలినా చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. ఉండేది కొన్ని సెకన్లే గానీ ప్రాణం తోడేస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే, పన్ను పీకించే ముందు నా మాట కాస్త వినండి.

మాది జనగామ. రెండు దవడ పళ్లు తీసేశాక కూడా నా నొప్పి తగ్గలేదు. చివరికి హైదరాబాద్‌లో నరాల డాక్టరు జబ్బు పేరు చెప్పారు: ట్రైజెమినల్ న్యూరాల్జియా. ముఖానికి స్పర్శనిచ్చే నరాన్ని మెదడు దగ్గర ఓ రక్తనాళం ఒత్తడం వల్ల చాలామందికి ఇది వస్తుందట. యాభై దాటినవారిలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. సినీ నటుడు సల్మాన్ ఖాన్ 2011లో అమెరికా వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నది దీనికే.

ముందు మందులే

మామూలు నొప్పి బిళ్లలకు ఇది లొంగదు. కార్బమజెపిన్ తోనే మొదలుపెడతారు. మత్తు, తూలుడు ఉండొచ్చు. ఒంటిమీద దద్దుర్లొస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పడం మరీ ముఖ్యం. ఎమ్మారై స్కాన్ కూడా తీస్తారు.

మందు పనిచేయకపోతే

ఆసుపత్రి బెంచీ మీద నాకు ఇద్దరు తోడయ్యారు. ఒకామెది మహబూబాబాద్, ఇంకొకామెది భూపాలపల్లి. ముగ్గురిదీ ఒకే జబ్బు, వైద్యం మాత్రం మూడు రకాలు.

నాకు చెవి వెనక ఎముకకు చిన్న రంధ్రం చేసి, నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెట్టారు. ఎక్కువకాలం నిలిచేది ఇదే. 1996లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ డాక్టర్లు ప్రచురించిన లెక్కల్లో, పదేళ్ల తర్వాత కూడా నూటికి 70 మంది మందుల్లేకుండా హాయిగా ఉన్నారు. కానీ ఇది తల ఆపరేషన్. అరుదుగానైనా ఆ వైపు చెవి వినపడకపోవచ్చు.

భూపాలపల్లి పెద్దమ్మకు డెబ్బై దాటాయి, గుండెజబ్బు కూడా ఉంది. అందుకే ఆమెకు కోత లేకుండా గామా నైఫ్ రేడియేషన్ ఇచ్చారు. గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మహబూబాబాద్ వదినకు చెంపలోంచి సూది పంపి, నరాన్ని వేడితో కొంత మొద్దుబారేలా చేశారు. ఇదే దారిలో బెలూన్ తో నొక్కడం, గ్లిసరాల్ ఎక్కించడం కూడా ఉన్నాయి. ఉపశమనం త్వరగా వస్తుంది గానీ చెంప తిమ్మిరెక్కొచ్చు. కొన్నేళ్లకు నొప్పి తిరగబెట్టడమూ మామూలే.

మళ్లీ వస్తే?

వదినకు నాలుగో ఏట మళ్లీ వచ్చింది. "నా రాతింతే" అని మంచం పట్టిన ఆమెను కోడలే బలవంతాన తీసుకెళ్లింది. సూది వైద్యం మళ్లీ చేయించుకోవచ్చని, ఒంట్లో ఓపికుంటే నా లాంటి ఆపరేషనూ కుదురుతుందని డాక్టరు చెప్పాకే ఆమె మొహంలో ప్రాణం వచ్చింది. ఈసారీ సూదే చేయించుకుంది. ఇప్పుడు జొన్నరొట్టె నమిలి తింటోంది.

అందుకే డాక్టరును ఈ నాలుగూ అడగండి: నా నరాన్ని రక్తనాళం ఒత్తుతోందా? నా వయసుకు ఏది మంచిది? తిమ్మిరి ఎంత ఉంటుంది? మళ్లీ వస్తే ఏం చేస్తారు? ఖర్చు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ముఖ్యంగా, ఇంట్లో ఆడమనిషి అన్నం ముందు పెట్టుకుని చెంప పట్టుకుంటే, నటన అనుకోకండి.