అరచేతిలో అక్షాంశాలు

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనగానే మన విద్యార్థుల కన్నులముందు ఒకే చిత్రం మెదలుతుంది. అద్దాల మేడ, చల్లని గది, పెద్ద జీతం, చేతినిండా ఖరీదైన పరికరాలు. ఈ చిత్రంలో అబద్ధమేమీ లేదు గాని, అసలు విషయం అందులో కనబడదు. మేము తెలుగు బోధించేవారము. యంత్రాలను గూర్చి చెప్పదగిన విద్వత్తు మాకు లేదు. అయినను గత డిసెంబరులో ఒక సాయంకాలం కొండమీద మాకు కలిగిన అనుభవం, దానివల్ల మేము నేర్చుకొన్న పాఠం విద్యార్థులకు ఉపయోగపడునని తలచి ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

మా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో ఇట్టి ఉద్యోగం చేయుచున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు అతని దినచర్యను అడిగి తెలుసుకొన్నాము. ఉదయం తోటివారితో పావుగంట సమావేశం. నిన్న చేసిన పని ఏది, నేడు చేయవలసినది ఏది, ఎక్కడ చిక్కు వచ్చినది అని ప్రతివారూ చెప్పుకోవలె. తరువాత రోజంతా వ్రాయుట కంటె చదువుటయే ఎక్కువ అట. ఎవరో ఎన్నడో వ్రాసిన ఆదేశాలను చదివి, తప్పు ఏ పంక్తిలో పుట్టినదో వెదకి, సరిదిద్ది, మరల మరల పరీక్షించవలె. సముద్రాల కావలి దేశాలలో పగలైనప్పుడు మనకు రాత్రి గనుక, అర్ధరాత్రి ఫోను మ్రోగిన సందర్భాలూ ఉన్నవి. “సార్, మీరు మా వ్యాసాలలో అక్షరదోషాలు దిద్దినట్లే మా పనీను” అన్నాడు. ఆ పోలిక మాకు నచ్చినది.

కంప్యూటరుకు క్రమముగా చెప్పే ఆదేశాల వరుసను అల్గారిథమ్ అందురు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరాన గణితశాస్త్రం వ్రాసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ భాషలోనికి పోయి ఆ రూపం దాల్చినది. మన ఉర్దూ విద్యార్థులు ఎరిగిన ‘అల్‌జబ్రా’ అనే మాట ఆయన గ్రంథనామం నుండి వచ్చినదే. మాటలకు ఇంత దూరప్రయాణం ఉండుట భాషోపాధ్యాయులమైన మాకు సంతోషకరమైన విషయం.

వారమంతా కుర్చీలో కూర్చున్న దేహానికి కొండగాలి కావలెనని అతడు సెలవు దినాలలో కొండలెక్కుట అలవాటు చేసుకొన్నాడు. మమ్మునూ, ద్వితీయ సంవత్సరం విద్యార్థులిద్దరినీ వికారాబాదు సమీపాన ఉన్న అనంతగిరి కొండలకు తీసుకొని పోయినాడు. మూసీనది పుట్టినచోటు అదియే. బస్సు దిగినచోట అతడు తన ఫోనులో రెండు సంఖ్యలు చూచి చిన్న పుస్తకంలో వ్రాసికొన్నాడు. “మేము చిన్నతనంలో భూగోళపటంపై చూచిన అక్షాంశ రేఖాంశాలు ఇంకను బ్రతికియున్నవా?” అని మేము నవ్వినాము.

నడుమ అడవిలో దారి రెండుగా చీలినది. ఈ దారి బాగున్నదని మేమే చెప్పినాము. గంటన్నర నడచిన తరువాత అది ఒక ఎండిన వాగులో ముగిసినది. మరలి వచ్చునప్పుడు వచ్చిన బాట కనబడలేదు. సాయంకాలం ఐదు గంటలైనది. ఫోనులో సంకేతం లేదు. పటం తెరచి చూడగా తెర అంతయు బూడిదరంగు. దాని నడుమ ఒక నీలపు చుక్క మాత్రం వెలుగుచున్నది. మా వెంట వచ్చిన పిల్లలలో ఒకని ముఖం వాడిపోయినది. వాని తల్లికి చీకటి పడకముందే ఇల్లు చేర్చెదమని మాట ఇచ్చియున్నాము. తప్పు మాది, మాకు నోట మాట రాలేదు.

“పటం పోయినది గాని స్థానం పోలేదు, సార్” అన్నాడు మా ఇంజనీరు. ఆ మాటలో ఒక శాస్త్రమంతా ఇమిడి ఉన్నదని తరువాత తెలిసినది.

ఫోనులో ఉండే జీ.పీ.ఎస్. గ్రాహకం ఎవరికీ ఏమీ చెప్పదు. రేడియోవలె వినుట మాత్రమే దాని పని. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుచున్నవి. ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారం ఉండును. “నేను ఇచ్చట ఉన్నాను, ఇప్పుడు వేళ ఇంత” అని అవి ఎడతెగక పలుకుచుండును. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడువరకు క్షణాలు లెక్కించి, మూడింట భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరాన పడినదో తెలుసుకోవచ్చు. ఇదియు అట్టిదే. రేడియో తరంగం క్షణానికి దాదాపు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చును. బయలుదేరిన వేళ, చేరిన వేళ తెలిసినచో దూరం తెలియును. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిసినచో మన చోటు తెలియును. మరి నాలుగవది ఎందుకు? మన ఫోనులోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు. పదిలక్షల వంతు క్షణం తప్పినను దూరం మూడువందల మీటర్లు తప్పును. ఆ దోషాన్ని సరిదిద్దుటకు నాలుగవ సాక్షి అవసరం.

ఇందులో మరొక వింత ఉన్నది. ఉపగ్రహం వేగంగా పోవుటవలన దాని గడియారం రోజుకు ఏడు మైక్రోసెకండ్లు వెనుకబడును. భూమ్యాకర్షణ తక్కువగా ఉండుటవలన నలుబదియైదు ముందుకు పోవును. వెరసి ముప్పదియెనిమిది ముందు. ఐన్‌స్టీన్ 1905లోను, 1915లోను ప్రతిపాదించిన సిద్ధాంతాలను అనుసరించి దీనిని సవరింపకున్నచో ఒక్కరోజులోనే పది కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకొనును. కాగితంమీది సూత్రం కొండమీది బాటసారికి దారి చూపుట అనగా ఇదియే.

ఈ వ్యవస్థను అమెరికా సైన్యం నిర్మించినది. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరినది. 1995 నాటికి వ్యవస్థ పూర్తియైనది. సామాన్యులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కలిపిన దోషాన్ని 2000 సంవత్సరం మే నెలలో తొలగించిరి. మన దేశం సొంత వ్యవస్థకై 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండి తొలి ఉపగ్రహాన్ని పంపినది. దానికి నావిక్ అని పేరు. ఆ తొలి ఉపగ్రహంలోని మూడు పరమాణు గడియారాలూ తరువాత చెడిపోగా అది స్థాననిర్ణయానికి పనికిరాకపోయినది. ఉపగ్రహం ఆకాశంలో ఉన్నను, వేళ తప్పినచో చోటు చెప్పలేదు.

ఇప్పుడు మా కథకు వత్తము. ఉపగ్రహాల మాట వినుటకు టెలిఫోను స్తంభం గాని, ఇంటర్నెట్ గాని అవసరం లేదు. లేనిది పటం, దానిని ముందుగా ఫోనులో భద్రపరచుకొననందున మాయమైనది. సంఖ్యలు మాత్రం ఉన్నవి. మేమున్న చోటి అక్షాంశం బస్సు దిగినచోటి కంటె 0.012 డిగ్రీలు తక్కువ, రేఖాంశం 0.008 డిగ్రీలు తక్కువ. ఒక డిగ్రీ అక్షాంశం అనగా సుమారు 111 కిలోమీటర్లు. ధ్రువాల వైపు పోవుకొలది రేఖాంశాలు దగ్గరగును గనుక మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు. “లెక్క కట్టు” అని మా ఇంజనీరు ముఖం వాడిన ఆ పిల్లవానికి పెన్ను ఇచ్చినాడు. యంత్రముండగా లెక్కలెందుకని తరగతిలో వాదించే కుర్రవాడు వాడే. వాని చేతులు వణకుచున్నవి. అయినను కట్టినాడు: ఉత్తరానికి 1.33 కిలోమీటర్లు, తూర్పునకు 0.85. పైథాగరస్ సూత్రం చొప్పున నేరుగా 1.6 కిలోమీటర్లకు లోపే!

ఇక దిక్కు. సూర్యుడు క్రుంకుచున్నాడు. డిసెంబరులో సూర్యాస్తమయం సరిగా పడమట జరుగదనీ, నైరుతివైపు జరిగి ఉండుననీ అతడు గుర్తుచేసినాడు. ఆ తేడాను చూచుకొని, ఉత్తర ఈశాన్యాల నడుమ దిక్కును పట్టుకొని నడచినాము. పదినిమిషాల కొకసారి సంఖ్యలు చూచి, తేడా తగ్గుచున్నదని ఆ పిల్లవాడు బిగ్గరగా చదివినాడు. చీకటి ముసురుకొనుచుండగా రోడ్డుమీది దీపం కనబడినది. ఫోనులో మిగిలిన విద్యుత్తు నూటికి నాలుగు పాళ్లు.

పదునొకండవ శతాబ్దిలో అల్ బిరూనీ నందన కోట సమీపాన ఒక కొండ ఎత్తును కొలిచి, దానిపై నుండి క్షితిజం ఎంత క్రిందుగా కనబడునో కోణపరికరంతో చూచి, భూమి వ్యాసార్ధాన్ని గణించినాడు. కొండ, పరికరం, లెక్క – ఈ మూడింటి స్నేహం నేటిది కాదు.

కొండలకు పోదలచిన విద్యార్థులు కొన్ని విషయాలు గుర్తుంచుకొనవలె. పటాన్ని ముందే ఫోనులో భద్రపరచుకొనుడు. బయలుదేరిన చోటి సంఖ్యలను కాగితంపై వ్రాసికొనుడు. దట్టమైన చెట్ల క్రింద, లోతైన లోయలలో ఉపగ్రహాల మాట సరిగా వినబడదు. ఎచ్చటికి పోవుచున్నదీ, ఎప్పుడు వచ్చునదీ ఇంట చెప్పుడు. సంకేతం అందినచోట ఆపదలో పిలువవలసిన సంఖ్య 112.

ఆ పిల్లవానిని ఇల్లు చేర్చునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. వాని తల్లి గుమ్మంలోనే నిలిచియున్నది. ఆలస్యం మావల్ల జరిగినదని మేము చెప్పబోవునంతలో వాడు లెక్క కట్టిన కాగితం తీసి ఆమెకు చూపసాగినాడు. ఆమె చదువుకొన్నది కాదు. అయినను ఆ కాగితాన్ని చేతికి తీసికొని చాలసేపు చూచినది. మరునాడు గణితం తరగతిలో వాడు ముందు బల్లమీద కూర్చున్నాడని గణితోపాధ్యాయులు మాతో చెప్పిరి.