శరణార్థులు - ఉపాధి హక్కు: జోర్డాన్ అనుభవం

1951 శరణార్థుల ఒడంబడికలోని 17, 18, 19 అధికరణలు వేతన ఉపాధి, స్వయం ఉపాధి, వృత్తుల నిర్వహణ హక్కులను పేర్కొంటాయి. జోర్డాన్ ఈ ఒడంబడికలో చేరలేదు. అయినా లక్షలాది సిరియా శరణార్థులకు ఆశ్రయమిచ్చింది. వారిలో చాలామంది మొదట్లో అనుమతి లేకుండానే పనిచేసేవారు. అందువల్ల కూలి ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేకపోయేవారు.

2016 ఫిబ్రవరిలో లండన్ సదస్సులో కుదిరిన 'జోర్డాన్ ఒప్పందం' ఈ స్థితిని మార్చడానికి ఉద్దేశించింది. సిరియన్లకు సుమారు 2 లక్షల ఉద్యోగావకాశాలు కల్పించడానికి జోర్డాన్ అంగీకరించింది. ప్రతిగా గ్రాంట్లు, తక్కువ వడ్డీ రుణాలు లభించాయి. నిర్దిష్ట పారిశ్రామిక వాడల్లో కనీసం 15 శాతం సిరియన్లకు పని ఇచ్చిన కర్మాగారాల ఎగుమతులకు యూరోపియన్ యూనియన్ నిబంధనలు సడలించింది.

అయితే ఫలితాలు ఆశించినంతగా లేవు. ఇందుకు ముఖ్య కారణాలు:

1. పర్మిట్ ఒకే యజమానికి ముడిపడి ఉండటం. రోజుకో చోట పనిచేసే కూలీలకు ఇది ఉపయోగపడలేదు.
2. పారిశ్రామిక వాడలు దూరంగా ఉండటం. రవాణా, పిల్లల సంరక్షణ సమస్యల వల్ల స్త్రీలు వెనుకబడ్డారు.
3. వైద్యం, ఇంజనీరింగ్, బోధన వంటి వృత్తులు విదేశీయులకు అందుబాటులో లేకపోవటం.

తరువాత వ్యవసాయంలో సహకార సంఘాల ద్వారా, నిర్మాణ రంగంలో కార్మిక సంఘాల ద్వారా పర్మిట్లు ఇవ్వటంతో మొదటి సమస్య కొంత తగ్గింది. కాబట్టి పని హక్కు కాగితంపై ఉంటే చాలదని, యజమానిని మార్చుకునే స్వేచ్ఛ కూడా అవసరమని గ్రహించవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఒకే యజమానికి ముడిపడిన పర్మిట్ కార్మికుని బేరమాడే శక్తిని ఎలా తగ్గిస్తుంది?