రెండంగుళాల ఖరీదు 90 కిలోమీటర్లు

అమెరికాలో అమ్మిన 2023 హ్యుందాయ్ ఐయోనిక్ 6 ఎలక్ట్రిక్ కారు సంగతి చూడండి. 77.4 యూనిట్ల బ్యాటరీ, వెనక చక్రాలకు మోటారు ఉన్న లాంగ్ రేంజ్ రకం. 18 అంగుళాల చక్రాలతో అక్కడి ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇచ్చిన రేంజ్ 361 మైళ్లు, అంటే 581 కిలోమీటర్లు. అదే బ్యాటరీ, అదే మోటారు, 20 అంగుళాల చక్రాలైతే 305 మైళ్లు, అంటే 491 కిలోమీటర్లు. పెద్ద చక్రాలు ఖరీదైన వేరియంట్లకే వస్తాయి కాబట్టి అదనపు సరంజామా బరువుకూ ఈ తేడాలో వాటా ఉంది. కానీ అది కాస్తే. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌దీ ఇదే కథ: 19 అంగుళాలతో 396 మైళ్లు, 21 అంగుళాలతో 348.

పెద్ద చక్రం తిప్పడానికి ఎక్కువ కరెంటు పడుతుందిలే అని చాలామంది సరిపెట్టుకుంటారు. టైరు మీద అచ్చువేసిన అంకెలు కూడితే ఆ మాట నిలవదు. ఐయోనిక్ 6 చిన్న టైరు 225/55 ఆర్18. వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, అంటే 124. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457. గోడ పైనా కిందా ఉంటుంది కనుక మొత్తం 705 మిల్లీమీటర్లు. పెద్ద టైరు 245/40 ఆర్20. 508కి రెండు 98లు కలిపితే 704. రోడ్డు మీద దొర్లే చక్రం సైజు మారలేదన్నమాట. లోపల లోహం పెరిగింది, గాలి తగ్గింది.

2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 దీనికి మరో సాక్ష్యం. దాని ముందు టైరు 155/70 ఆర్19. రిమ్ము 19 అంగుళాలైనా వెడల్పు 155 మిల్లీమీటర్లే. చూడ్డానికి సైకిల్ చక్రంలా ఉందని నవ్వినవాళ్లున్నారు. పొదుపు కోసమే ఆ కంపెనీ అంత సన్నటి టైరు ఎంచుకుంది. కాబట్టి తప్పు అంగుళాలది కాదు, అంగుళాల వెంట వచ్చే బలగానిది: వెడల్పు, బరువు, తెరుచుకున్న చువ్వల డిజైను, మెత్తటి రబ్బరు.

వీటిలో గాలికి ఎదురెళ్లే బాధ హైవే మీదే తెలుస్తుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. టెస్లా మోడల్ 3 అల్లాయ్‌ల మీద పళ్లెంలాంటి ప్లాస్టిక్ మూతలు పెట్టింది అందుకే. సిటీ ట్రాఫిక్‌లో ఆ మూతల వల్ల ఒరిగేది తక్కువ.

రబ్బరు మాత్రం ఏ వేగంలోనైనా తింటుంది. నేలను తాకిన చోట టైరు నలుగుతుంది, దాటగానే సర్దుకుంటుంది. నలిగేటప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. దూరప్రయాణం తర్వాత టైరు మీద చెయ్యి పెడితే తగిలేది ఆ వేడే. 1,800 కిలోల కారు ఒకటి అనుకుందాం. ప్రతి వెయ్యి కిలోల బరువుకు 7 కిలోల బలంతో వెనక్కి లాగే టైర్లు వేస్తే, 100 కిలోమీటర్లకు టైర్లు తినేది 3.4 యూనిట్లు. 10 కిలోలతో లాగేవైతే 4.9. తేడా యూనిట్టున్నర. కారు మొత్తం వాడకం 100 కిలోమీటర్లకు 15 యూనిట్లనుకుంటే, ఇది పది శాతం. 40 యూనిట్ల బ్యాటరీ మీద పాతిక కిలోమీటర్లు గల్లంతు. యూనిట్ పది రూపాయల చొప్పున, ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే 2,200 రూపాయలు. పెట్రోలు కారులోనూ ఈ నష్టం ఉంది. దారి పొడుగునా బంకులుంటాయి కాబట్టి ఎవరికీ పట్టదు.

ఐరోపాలో టైరు వెనక్కి లాగే ఈ ఈడ్పును లేబుల్ మీదే చెబుతారు. వెయ్యి కిలోలకు 6.5 వరకు ‘ఏ’ తరగతి, 10.6 నుంచి పైకి అట్టడుగు తరగతి. మన దగ్గర బీఈఈ స్టార్ లేబుల్ టైర్లకూ వచ్చింది. అయితే ఐరోపా లేబుల్‌లో తడి రోడ్డు మీద పట్టుకు వేరే తరగతి ఉంటుంది. వానాకాలంలో బ్రేకు వేసేటప్పుడు అక్కరకొచ్చేది అదే. రేంజ్ కోసం దాన్ని వదులుకోవద్దు.

టైర్లు మార్చేటప్పుడు ఇంకో అంకె చూసుకోవాలి. సైజు తర్వాత 95 అని ఉంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది, 91 అని ఉంటే 615. నాలుగింటి మీద 300 కిలోల తేడా. బ్యాటరీ మోసే కారుకు ఇది చిన్న విషయం కాదు. కంపెనీ ఇచ్చిన అంకెకు తగ్గకూడదు.

మన రోడ్ల సంగతి వేరే చెప్పాలా? నెక్సాన్ ఈవీ టైరు 215/60 ఆర్16, గోడ ఎత్తు 129 మిల్లీమీటర్లు. ఐయోనిక్ 6 పెద్ద టైరుకున్న 98 మిల్లీమీటర్ల గోడతో పోలిస్తే మూడంగుళాల గుంత ఎవరిని ఎంత కొడుతుందో ఊహించుకోవచ్చు. టైరు గోడ ఉబ్బినా, చీలినా పంక్చర్ కిట్ పనికిరాదు, రిమ్ము వంగితే అసలే కాదు. పైగా 2020లో కేంద్రం నిబంధనలు మార్చాక, రిపేరు కిట్, టైర్లలో గాలి చూపే సెన్సర్లు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. రాత్రిపూట శ్రీశైలం ఘాట్‌లో ఇలా జరిగితే టో బండి కోసం ఎదురుచూడటమే మిగులుతుంది. నేనైతే ఇక్కడ తిరగడానికి పెద్ద చక్రాల వేరియంట్ తీసుకోను.

ఏ చక్రాలున్నా, పైసా ఖర్చు లేనిది ఒకటుంది: డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత గాలి. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. వాతావరణం అయిదారు డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది.

కొత్త కారు బుక్ చేసేముందు, బ్రోషర్‌లోని రేంజ్ ఏ చక్రాలతో కొలిచిందో షోరూమ్‌లో అడగండి. జవాబు రాకపోతే చిన్న చక్రాలదే అనుకోండి.